తొలి ట్యాంకు కడుతున్న మేనకోడలికి

పాలకొల్లు,
ఆషాఢం, వాన పడుతున్న మధ్యాహ్నం

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ గొంతు వినగానే మీ నాన్నకి ఒంట్లో బాగోలేదేమో అని కంగారు పడ్డాను. తీరా చూస్తే నీ సంగతి. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులతో టి-55 యుద్ధ ట్యాంకు ప్లాస్టిక్ బొమ్మ కట్టుకునే కిట్ తెప్పించావని, పెట్టె నిండా గోరంత ముక్కలున్నాయని, వాటిని కొయ్యడానికి డాక్టర్లు వాడే లాంటి బ్లేడు కూడా వచ్చిందని చెప్పింది. "అన్నయ్యా, దానికి నువ్వే చెప్పాలి" అంది. మానెయ్యమని చెప్పమందో, ఎలా చెయ్యాలో చెప్పమందో అడగలేదు. రెండోదే అనుకుని రాస్తున్నాను.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. లోకంలో ఇన్ని ట్యాంకులుండగా నువ్వు టి-55 ఎంచుకున్నావు. సైన్యంలో ఇరవై నాలుగేళ్ల సర్వీసులో నేను ఎక్కువ కాలం నడిపిన బండి అదే. చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని "మావయ్యా, దానికి స్టీరింగ్ ఉండదా?" అని నువ్వు అడిగింది గుర్తొచ్చింది. ఉండదమ్మా, రెండు లీవర్లే. ఎడమది లాగితే ఎడమకి, కుడిది లాగితే కుడికి. నాతో ఒక్క మాటైనా చెప్పకుండా తెప్పించావని కోపం వచ్చింది గానీ, తెల్లారేసరికి అది పోయింది.

అన్నిటికంటే ముందు నీ వేళ్ల సంగతి.

మా బండిలో గుండ్లు నింపే కుర్రాడొకడు ఉండేవాడు. బండి గతుకులో పడినప్పుడు సరిగా లాక్ పడని హ్యాచ్ మూత, అంటే బండిలోకి దిగే ద్వారం మూత, అతని కుడి చేతి మీద పడింది. రెండు వేళ్లు చివరి కణుపు దాకా పోయాయి. ఆ తర్వాత అతను చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్చుకోవడానికి నెల రోజులు పట్టింది. రోజూ పొద్దున్నే నా ముందే పెట్టుకునేవాడు, నేను సాయం చేస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. అందుకే ఎవరైనా బ్లేడు పట్టుకుంటే నా చూపు పని మీదికి పోదు, వేళ్ల మీదికే పోతుంది. బ్లేడు ఎప్పుడూ నీ వైపు లాగకు. ముక్కని ఒళ్లో పెట్టుకుని కొయ్యకు, బల్ల మీద పెట్టు. బ్లేడు మొద్దుబారితే పారెయ్యి, రూపాయి మిగులుతుందని ఆశపడకు. మొద్దుబారిన బ్లేడుకే ఎక్కువ బలం పెడతాం, జారేది అదే. ఇంకో మాట. ఫెవిక్విక్ లాంటి గమ్ము నూలు బట్ట మీద ఒలికిందంటే చర్రున వేడెక్కి పొగ వస్తుంది, ఒళ్లు కాలుతుంది. నీ నూలు చున్నీ తీసి పక్కన పెట్టి కూర్చో. ఇవి వినకపోతే ఆ పెట్టె నేను పట్టుకొచ్చేస్తాను, నిజంగానే చెబుతున్నాను.

ఇక మామూలు పనులు. ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేములన్నీ సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టు, అచ్చులో రాసిన జిడ్డు పోకపోతే రంగు పట్టదు. కాగితంలో ఇచ్చిన వరస తప్పకు. ముక్కని ఫ్రేము నుంచి ఒకేసారి అంచుకి కొయ్యకు. కాస్త దూరంగా ఒకసారి కోసి, మిగిలిన మొలకని రెండోసారి తీసి, 600 నంబరు నీటి ఎమెరీ కాగితంతో నునుపు చెయ్యి. అతికించడానికి మోడళ్ల కోసం అమ్మే పల్చటి సిమెంటే వాడు. అది జిగురు కాదు, ప్లాస్టిక్‌ని కరిగించి ఒకదానితో ఒకటి కలిపేస్తుంది. అందుకని ముక్కలు రెండూ పట్టుకుని అతుకు మీద కుంచె కొస తాకిస్తే చాలు, అదే సందులోకి పాకుతుంది. కిటికీ తెరిచి పెట్టుకో. ఫ్యాను మాత్రం ఆపు, ముక్కలు ఎగిరిపోతాయి. పని చేసేటప్పుడు కింద దుప్పటి పరిచి, అంచున్న పెద్ద పళ్లెంలో అన్నీ పెట్టుకో. పట్టకారులోంచి ముక్క ఎగిరిపోతే మీ అమ్మని ఆ రోజు ఊడవొద్దని చెప్పు. ఊడ్చేసి ఉంటే చేటలో వెతుకు. నా హెడ్‌లైటు గార్డు ఒకటి రెండు రోజుల తర్వాత చేటలోనే దొరికింది, కొబ్బరి పీచులో చిక్కుకుని.

నీది 35వ వంతు సైజు. జపాన్‌లో టమియా అనే బొమ్మల కంపెనీ వాళ్లు 1960లలో మోటారు పెట్టి నడిచే పాంథర్ ట్యాంకు బొమ్మ తెచ్చినప్పుడు, లోపల బ్యాటరీలు పట్టేలా బొమ్మ సైజు కుదిర్చారు. తర్వాత కొలిచి చూస్తే అది ఇంచుమించు 35వ వంతు వచ్చింది. ఆ లెక్కే లోకమంతా నిలిచిపోయింది. 36 టన్నుల బండి నీ బల్ల మీద జానెడు. నా ఎత్తు మనిషి అందులో అయిదు సెంటీమీటర్లుంటాడు. ఇది ఎప్పుడూ మనసులో పెట్టుకో, రంగు వేసేటప్పుడు చాలా పనికొస్తుంది.

టి-55ని గుర్తుపట్టేది దాని చక్రాలతోనే. పక్కకి అయిదు, మొదటిదానికి రెండోదానికి మధ్య ఖాళీ ఎక్కువ. అది తప్పు అనుకుని సర్దకు, బండి అలాగే ఉంటుంది. పైన చైన్‌ని మోసే చిన్న చక్రాలుండవు, చైన్ వచ్చి పెద్ద చక్రాల మీదే వాలి కాస్త జారినట్టుంటుంది. కిట్‌లో రబ్బరు చైన్ ఇస్తే అది బిగదీసుకుని గాల్లో నిలబడుతుంది, చూడగానే బొమ్మ అని తెలిసిపోతుంది. చైన్ పై భాగాన్ని చక్రాలకి ఆనించి, ఆరేదాకా దూది కుక్కి ఉంచు. చైన్‌ని తిప్పే పళ్ల చక్రం వెనక వైపు, ఇంజన్ దగ్గరే ఉంటుంది. ముందు పెట్టావంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

2002లో రిటైరై ఇంటికొచ్చాను. మీ తాతయ్యకి అప్పటికే ఒంట్లో సత్తువ తగ్గింది, మంచం అరుగు మీదకి మార్చాం. ఆయన జీవితంలో చూసిన పెద్ద యంత్రం ధవళేశ్వరం లాకుల దగ్గర చూసినదే. నేను ట్యాంకు నడుపుతానని ఊరంతా చెప్పుకునేవాడు గానీ, అది ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు. ఫోటో చూపిస్తే "ఇందులో నువ్వెక్కడ?" అనేవాడు. అందుకని మద్రాసులో ఉన్న స్నేహితుడి చేత ఒక కిట్ తెప్పించి కట్టాను. నెల పట్టింది. రంగు కూడా బాగానే కుదిరింది. చివరికి మెరుపు తగ్గించే వార్నిష్ ఒక్కటే మిగిలింది.

అది శ్రావణం. మూడు రోజులుగా ముసురు. సముద్రం వైపు నుంచి తడిగాలి, గోడలు చెమ్మగిల్లాయి, ఉప్పు డబ్బాలోనే నీరు కారుతోంది. ఆగాల్సింది. కానీ నాన్నకి ఆ రోజు కాస్త ఓపికగా ఉంది, లేచి కూర్చున్నాడు. ఇవాళే చూపించాలనుకున్నాను. చూరు కింద నిలబడి స్ప్రే డబ్బా తీసుకుని కొట్టేశాను. రెండు నిమిషాల్లో నా కళ్ల ముందే ఆ ఆకుపచ్చ రంగంతా తెల్లబడిపోయింది. పిండి చల్లినట్టు, బూజు పట్టినట్టు.

ఎందుకో తర్వాత తెలిసింది. స్ప్రేలో ఉండే థిన్నర్ గబగబా ఆవిరైపోతుంది. అలా పోయేటప్పుడు కింద ఉన్న వార్నిష్‌ని చల్లబరుస్తుంది. తడిగాలిలోని నీరు ఆ చల్లదనానికి పొరలోనే చేరి చిక్కుకుపోతుంది. ఎండాకాలంలో చల్లటి చెంబు బయట నీళ్లు పట్టినట్టే.

అప్పటికే నాన్న పిలుస్తున్నాడు. తీసుకెళ్లి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "మంచులో కూడా తిప్పేవాడివా దీన్ని?" అన్నాడు. నిజంగానే అడిగాడు. నేను ఏమీ అనలేదు. "నీ సీటు ఏది?" అన్నాడు. ముందు వైపు ఎడమ పక్క గుండ్రటి మూత చూపించాను. అది తెరిచి చూద్దామని బొటనవేలి గోరు పెట్టి లేపబోయాడు. అరవై ఏళ్లు పొలం పని చేసిన గోరు, ఎంత కడిగినా చివర నల్లటి గీత పోదు. ఆ మూత లేవలేదు. అసలు బండిలో అది పైకి లేచి పక్కకి తిరుగుతుంది. నేను సులువుగా ఉంటుందని సిమెంటు పెట్టి అతికించేశాను. "తెరుచుకోదా?" అని ఇచ్చేశాడు.

ఆ రాత్రి నాకు సిగ్గు ఆగలేదు. ఆ తెల్లదనం తుడిచేసి పొద్దున్నే మంచి బండి చూపించాలనుకున్నాను. పెయింట్ల కొట్లో దొరికే థిన్నర్ గుడ్డకి అద్ది తుడిచాను. అది ఇనుప గేట్ల రంగులకి వాడేది, మన ప్లాస్టిక్‌ని తినేస్తుంది. ముందు రంగు లేచింది, తర్వాత టరెట్, అంటే పైన తిరిగే గోపురం, వేళ్లకి అంటుకుంది. ఫిరంగి గొట్టం వంగిపోయింది. గంటలో అది పనికిరాని ముద్ద అయింది. కాగితంలో చుట్టి కొబ్బరి తోటలో పాతిపెట్టాను.

పొద్దున నాన్న స్నేహితుడొకాయన పలకరించడానికి వచ్చాడు. నాన్న నన్ను కేకేసి "ఒరేయ్, ఆ బండి తీసుకురా, ఈయనకి నీ సీటు చూపిద్దాం" అన్నాడు. రంగు ఆరలేదని చెప్పాను. ఆ వారమంతా రెండు మూడుసార్లు అడిగాడు. అదే మాట చెప్పాను.

ఆయనకి ఆ తెల్లటి బండే బాగుందమ్మా. నాకే బాగోలేదు. పొడి రోజు చూసుకుని పల్చగా మరో చేయి స్ప్రే కొట్టి ఉంటే ఆ తెల్లదనం చాలా వరకు పోయేదని ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి తెలిసింది.

కాబట్టి నువ్వు ఇప్పుడు కట్టుకో, రంగు స్ప్రే మాత్రం తొందరపడకు. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం మన కోనసీమలో స్ప్రే కొట్టే నెలలు కావు. తుపాన్ల రోజులూ పోనీ. సంక్రాంతి వెళ్లాక, పొద్దుటి మంచు విడిచాక, పదకొండు నుంచి మూడు లోపు కొట్టు. అప్పటిదాకా ఆగలేకపోతే నీళ్లతో కలిసే యాక్రిలిక్ రంగులు కుంచెతో వెయ్యి. పల్చగా మూడు నాలుగు పూతలు వేసుకో, ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకొకటి. ఆరిందో లేదో వేలితో చూడకు, వాసన చూడు. పెట్టె మీద బొమ్మలో ఉన్నంత ముదురు రంగు వద్దు. జానెడు బండికి ముదురు రంగు వేస్తే నల్లగా కనిపిస్తుంది, కాస్త తెలుపు కలుపుకో. తప్పు జరిగితే ఆ రోజు ఏ థిన్నరూ ముట్టుకోకు. పక్కన పెట్టి నాకు ఫోన్ చెయ్యి, రాత్రి రెండైనా సరే.

బురద సంగతి. నువ్వు బురద పూస్తావని నాకు తెలుసు, మొదటిసారి అందరికీ అదే సరదా. దమ్ము చేసి రోడ్డెక్కిన ట్రాక్టర్ని ఒకసారి ఆగి చూడు. బురద అన్ని చోట్లా ఒకేలా ఉండదు. చక్రం లోపలి వైపు ముద్దలుగా, మడ్‌గార్డు కింద చిమ్మినట్టుగా ఉంటుంది. అంచులు ముందు ఆరి బూడిద రంగుకి తిరుగుతాయి, మధ్యలో ఇంకా నల్లగా తడి. నేలని తాకే ఇనుము మాత్రం అరిగి తళతళలాడుతుంది. ట్యాంకు చైన్ కూడా అంతే, తుప్పు రంగు మొత్తం పూసెయ్యకు. కానీ మన ఒండ్రు మట్టి రంగు నీ బండికి వెయ్యకు. టి-55ని నేను తిప్పింది రాజస్థాన్‌లో. అక్కడ ముద్ద బురద ఉండదు, పసుపు తిరిగిన సన్నటి దుమ్ము. అది అన్నిటి మీదా పడుతుంది, రెప్పల మీద కూడా. లాగే తాడుకి కొబ్బరి పీచు పేనొద్దు, నూగు కనిపిస్తుంది. పాత వైరులోని సన్నటి రాగి తీగలు మెలిపెట్టు.

నా నల్ల ట్రంకు పెట్టె నీకు గుర్తుందా, దాని మీద ఎక్కి దూకేదానివి. నిన్న రాత్రి నిద్ర పట్టక దాన్ని బోర్లించి మూలల్లో కుంచెతో దులిపాను. ఇన్నేళ్లయినా అడుగు మడతల్లో ఎడారి ఇసుక ఉంది. మీ అమ్మ పాత మల్లు బట్టలో జల్లిస్తే రెండు చెంచాలంత సన్నటి దుమ్ము వచ్చింది. మందు సీసాలో పోసి ఈ ఉత్తరంతో పాటు పంపిస్తున్నాను. వార్నిష్ ఆరాక మెత్తటి కుంచెతో చక్రాల మీద, ముందు పలక మీద చాలా కొద్దిగా అద్దు. మొత్తం వాడెయ్యకు.

వాన తెరిపిచ్చాక చించినాడ వంతెన దాటి వస్తాను. అప్పటికి కింది భాగం, చక్రాలు అయి ఉంటే చాలు. డ్రైవరు హ్యాచ్ మాత్రం అతికించకు. నేను వచ్చాక చూద్దాం.

మీ మావయ్య