ఉమ్మి పరీక్షలో బ్యాక్టీరియా కనిపిస్తే మందు వాడాల్సిందేనా?

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. ప్లేస్కూల్లో వేసినప్పటి నుంచి నెలకోసారి జలుబు చేస్తోంది. మా అత్తయ్యకు 68 ఏళ్లు, షుగర్ ఉంది. బాబు రోజూ ఆవిడ పక్కలోనే పడుకుంటాడు. పిల్లల ఉమ్మి పరీక్ష చేస్తే న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా ఉందో లేదో తెలుస్తుందని చదివాను. చేయించి, ఉంటే యాంటీబయాటిక్ కోర్సు వాడేస్తే ఇద్దరికీ మంచిదే కదా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. ఆ పరీక్షా వద్దు, ఆ కోర్సూ వద్దు.

అలాగని మీరు చదివింది అబద్ధం కాదు. మీరు చెబుతున్న బ్యాక్టీరియా పేరు న్యూమోకాకస్. అసలు ఇది మొదట దొరికిందే ఉమ్మిలో. 1880లో ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ రేబిస్‌తో చనిపోయిన ఒక పిల్లవాడి ఉమ్మిని కుందేళ్లకు ఎక్కించి చూశారు. అదే ఏడాది అమెరికాలో జార్జ్ స్టెర్న్‌బర్గ్ అనే డాక్టర్ సొంత ఉమ్మితోనే ఆ పని చేశారు. కుందేళ్లు చచ్చిపోయాయి, స్టెర్న్‌బర్గ్ మాత్రం నిక్షేపంలా ఉన్నారు! ఒంట్లో బ్యాక్టీరియా ఉండటం వేరు, జబ్బు చేయడం వేరు. ఐదేళ్లలోపు పిల్లల్లో చాలామంది దీన్ని ఏదో ఒక సమయంలో మోస్తూనే ఉంటారు. కొన్ని వారాలో నెలలో ఉండి అదే పోతుంది, మళ్లీ ఇంకో రకం వస్తుంది. వీటిలో వందకు పైగా రకాలున్నాయి.

ఉమ్మిలో దొరికినా, ఇది ఎక్కువగా కాపురం ఉండేది నోట్లో కాదు, ముక్కు వెనక భాగంలో. అందుకే చిన్నపిల్లల్లో దీన్ని వెతకాలంటే సన్నటి పుల్లను ముక్కులోంచి లోపలిదాకా పోనిచ్చి నమూనా తీయడమే ఇప్పటికీ ప్రామాణిక పద్ధతి. పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తారు. బుగ్గలో చిన్న స్పాంజి పెట్టి చొంగ పీల్చుకునే పద్ధతి ఆ బాధ తప్పిస్తుంది. కానీ నోటినిండా వందల రకాల బ్యాక్టీరియా ఉంటుంది, పైగా న్యూమోకాకస్‌కు దగ్గరి చుట్టాలు కూడా అక్కడే ఉంటాయి. ఒక్క జన్యువునే చూసి పరీక్ష చేస్తే చుట్టాన్ని పట్టుకుని దొంగ దొరికాడనే ప్రమాదం ఉంది. అందుకే పరిశోధకులు రెండు మూడు జన్యువులు కలిపి చూస్తారు. న్యూమోకాకస్ టీకా వచ్చాక ఊళ్లో ఏ రకాలు తిరుగుతున్నాయో తెలుసుకోవడానికి ఈ పరీక్ష బాగా పనికొస్తుంది. మీ బాబుకు మందు రాయాలా వద్దా అన్నది మాత్రం ఇది తేల్చలేదు.

ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి యాంటీబయాటిక్ ఇస్తే మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది, మందుకు లొంగనివి మిగులుతాయి. మళ్లీ ప్లేస్కూల్ నుంచి కొత్తవి ఎలాగూ తెచ్చుకుంటాడు. నెలకో జలుబు కూడా ఆ వయసులో, అదీ కొత్తగా బడికి వెళ్లే పిల్లల్లో మామూలే. దాదాపు అన్నీ వైరస్ జలుబులే.

ఆ డబ్బుతో చేయాల్సిన పని వేరే ఉంది. ముందు బాబు టీకాల కార్డు తీసి పీసీవీ (పిల్లల న్యూమోకాకస్ టీకా) అన్న చోట చూడండి. మన ప్రభుత్వ కార్యక్రమంలో ఇది ఒకటిన్నర నెలకు, మూడున్నర నెలలకు, 9 నెలలకు వేస్తారు. తప్పిపోయి ఉంటే పిల్లల డాక్టర్‌ను అడగండి, ఈ వయసులో సాధారణంగా ఒక్క డోసు సరిపోతుంది. దీంతో మీ అత్తయ్యకూ లాభమే. అమెరికాలో 2000లో పిల్లలకు ఈ టీకా మొదలుపెట్టాక, టీకా వేయించుకోని పెద్దవాళ్లలో కూడా టీకాలో ఉన్న రకాల వల్ల వచ్చే జబ్బు తగ్గింది. అయినా ఆవిడకు షుగర్ ఉంది కాబట్టి, ఆవిడ డాక్టర్‌తో పెద్దల న్యూమోకాకల్ టీకా, ఏటా వేసే ఫ్లూ టీకా గురించి మాట్లాడండి. బాబుకు జలుబు ఉన్న నాలుగు రోజులు మాత్రం పక్క మార్చండి, ఎంగిలి చెంచాతో తినిపించడం ఆపండి. నానమ్మ ఒప్పుకోదనుకోండి, అది వేరే సంగతి.

దగ్గు, జ్వరం ఉన్నప్పుడు ఉమ్మి కాదు, ఊపిరి చూడాలి. బాబు నిద్రపోతున్నప్పుడు బనియన్ పైకి జరిపి, ఫోన్‌లో పూర్తి నిమిషం పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టండి. బాబు వయసులో 40 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చినా, డొక్కలు ఎగరేస్తున్నా, ఏమీ తాగలేకపోతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.