ఉచిత టికెట్టు సరే, బస్సేదీ?

ప్రశ్న: మా ఊరికి రోజుకు రెండే పల్లెవెలుగు ట్రిప్పులు. ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చినా, బస్సు తప్పితే షేర్ ఆటోకు డబ్బు పెట్టక తప్పడం లేదు. ట్రిప్పులు పెంచమని ఎవరిని అడగాలి?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం టికెట్టు ఖర్చును తీసివేసిందే గాని, బస్సు రాని ఊరికి బస్సును తేలేదు. డీజిలు, సిబ్బంది జీతాలు బస్సు నిండినా నిండకపోయినా ఒకటే కనుక, మధ్యాహ్నం నలుగురైదుగురితో తిరిగే ట్రిప్పుపైనే ముందుగా కత్తెర పడుతుంది. ట్రిప్పులు తగ్గినకొద్దీ జనం ఆటోలకు అలవాటుపడతారు, ఆ ఖాళీ సీట్లనే చూపి మిగిలినదీ తీసేస్తారు. డ్రైవరుకు అటూ ఇటూ కూడా మనుషులు ఇరుక్కుంటే గాని కదలని ఆ ఆటోలో, చీకటి పడ్డాక అడిగినంత ఇవ్వవలసిందే.

మీరు అడగవలసింది ఆర్టీసీ డిపో మేనేజరును (డీఎం). ‘మాకు బస్సు కావాలి’ అని మాత్రమే రాసిన అర్జీ ఫైలు దాటి రాదు. ఏ వేళకు ఎందరు విద్యార్థులు, కూలీలు, ఆసుపత్రికి వెళ్లేవారు ఎక్కుతారో లెక్క రాసి, పంచాయతీ తీర్మానం జతచేసి ఇవ్వండి. డిపోలు నిర్వహించే ‘డయల్ యువర్ డీఎం’ రోజున ఫోనులోనూ అడగవచ్చు. కొత్త సర్వీసు కోరడం కన్నా, పక్క ఊరి నుంచే తిరిగిపోయే బస్సును మీ ఊరిదాకా పొడిగించమనడం తేలికగా నెరవేరే కోరిక, మీ రోడ్డు బస్సు తిరిగేలా ఉంటేనే సుమా.