ఇంటి వైరింగ్‌లో డీరేటింగ్ (వేడిని బట్టి వైరు మోయగల కరెంటుని తగ్గించి లెక్కేయడం) ఎప్పుడు లెక్కలోకి తీసుకోవాలి?

ఏ వైరు ఎంత కరెంటు మోస్తుందో చెప్పే పట్టికలో 2.5 చదరపు మిల్లీమీటర్ల పీవీసీ రాగి వైరుకి 24 ఆంప్స్ అని ఉంటే, 16 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్) పెట్టేసి నిశ్చింతగా ఉండొచ్చా అని అడిగారు. అన్నిసార్లూ కుదరదు. ఆ 24 అనేది గోడ మీద ఒక పైపులో ఒకే సర్క్యూట్, చుట్టూ గాలి 30 డిగ్రీలు అనుకుని ఇచ్చిన అంకె. పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది, కాబట్టి వేడి బయటికి పోయే దారి మూసుకుపోయిన ప్రతిచోటా కరెంటు తగ్గించాల్సిందే.

ఎండకు కాగే పైకప్పు కింద 40 డిగ్రీలుంటే 0.87తో గుణించాలి. అదే పైపులో మూడు సర్క్యూట్లు దూరిస్తే ఇంకో 0.70. ఇప్పుడు లెక్క చూడండి: 24 × 0.87 × 0.70 = 14.6 ఆంప్స్. అంటే 16 ఆంప్స్ ఎంసీబీ పడిపోకముందే వైరు లోలోపల కాగుతూ ఉంటుంది. 4 చదరపు మిల్లీమీటర్ల వైరైతే 32తో మొదలై 19.5 దగ్గర ఆగుతుంది, సరిపోతుంది. ఇంకో పైపు వేసి సర్క్యూట్లు విడదీయడం నాకైతే ఇంకా నచ్చుతుంది.

ఎర్త్ వైరుని ఈ లెక్కలో కలపక్కర్లేదు. చాలా తక్కువ లోడుండే లైట్ల సర్క్యూట్‌కీ అంత టెన్షన్ అక్కర్లేదు. వేడిని ఆపే దూది లాంటి ఇన్సులేషన్‌లో వైరు అర మీటరు, ఆపైన పూర్తిగా కూరుకుపోతే మాత్రం సామర్థ్యం సగానికి పడిపోతుంది. అందరూ మర్చిపోయేది ఇదే.