సాయంత్రం గ్రహణానికి విశాఖ ఆర్కే బీచ్ ఎందుకు పనికిరాదు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్తే అండీ. 2022లో దీపావళి మర్నాడు, అక్టోబర్ 25న సాయంత్రం సూర్యగ్రహణం అంటే పిల్లల్ని తీసుకుని ఆర్కే బీచ్‌కి వెళ్ళాం. గ్రహణం కళ్ళజోళ్ళు కూడా తెప్పించాం. తీరా ఇసుకలోకి దిగాక చూస్తే సూర్యుడే లేడు, బీచ్ రోడ్డు బిల్డింగుల వెనక్కి వెళ్ళిపోయాడు. హైదరాబాద్‌లో మా ఆడపడుచు వాళ్ళు మాత్రం డాబా మీంచి హాయిగా చూశారంట. 2027లో మళ్ళీ ఒకటి ఉందంటున్నాడు మా అబ్బాయి, ఈసారి ఎక్కడికెళ్తే కనిపిస్తుంది?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: అమ్మా, సముద్రం ఉన్న ఊరు కదా అని ఏదొచ్చినా అందరం బీచ్‌కే పరిగెడతాం, కానీ మన సముద్రం ఉన్నది తూర్పున. 2009 జులై 22న తెల్లారగానే వచ్చిన గ్రహణానికైతే బీచ్‌ని మించిన చోటు లేదు. సాయంత్రం గ్రహణం అనేసరికి లెక్క మొత్తం తిరగబడుతుంది, సముద్రానికి వీపు పెట్టి ఊరివైపు చూడాలి, అటు చూస్తే ఏముంది, హోటళ్ళు, అపార్ట్‌మెంట్లు, వాటి వెనక కొండలు.

ఆ రోజు మనకి ఉన్న టైమే చాలా తక్కువ అండీ. గ్రహణం పట్టి ఉండగానే సూర్యుడు అస్తమించాడు, పంచాంగంలో గ్రస్తాస్తమయం అని రాసేది దాన్నే. స్పర్శ, అంటే గ్రహణం పట్టడం మొదలైనప్పటి నుంచి అస్తమయం దాకా ముంబైలో గంటా 19 నిమిషాలు దొరికింది, చెన్నైలో 31 నిమిషాలు, కోల్‌కతాలో 12 నిమిషాలే. తూర్పుకి వెళ్ళేకొద్దీ పొద్దు ముందే కుంకుతుంది కాబట్టి తగ్గుకుంటూ పోయింది. హైదరాబాద్ వాళ్ళకి ముప్పావుగంట వచ్చిందంటే అందుకే, మనకి అరగంట కూడా లేదు.

ఇంకో సంగతి, స్పర్శ అయ్యే టైముకే మన దగ్గర సూర్యుడు సుమారు ఆరు డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. మీకు వంద మీటర్ల దూరంలో పది మీటర్ల బిల్డింగు, అంటే మూడంతస్తుల ఇల్లు ఒకటి ఉంటే చాలు, ఆ ఆరు డిగ్రీలూ దానికిందే పోతాయి. అంటే మీరు ఇసుకలో ఎంతసేపు నిలబడ్డా గ్రహణం మొదలవకముందే సూర్యుడు మీకు లేడు, మీరు లేట్‌గా వెళ్ళడం వల్ల కాదు. సూర్యుడు ఒక డిగ్రీ దిగడానికి నాలుగు నిమిషాల పైన పడుతుంది, మూడు డిగ్రీల కొండ అడ్డొచ్చినా పన్నెండు నిమిషాలు పోయినట్టే, అరగంట కూడా లేని గ్రహణంలో పన్నెండు నిమిషాలంటే మాటలా.

కాబట్టి కావలసింది ఎత్తు, పడమర ఖాళీ. చాలామందికి వాళ్ళ అపార్ట్‌మెంట్ టెర్రస్సే బెస్టు, వాటర్ ట్యాంకు నీడ పడని మూల చూసుకోవాలి. కైలాసగిరి వెళ్తే సముద్రం వైపు రెయిలింగ్ దగ్గర కాకుండా ఊరు కనపడే వైపుకి రండి. అన్నిటికన్నా ముఖ్యం, రెండు మూడు రోజుల ముందే అదే టైముకి అక్కడికెళ్ళి పొద్దు ఎక్కడ కుంకుతుందో చూసుకోవడం. ఎందుకంటే నెలని బట్టి చోటు మారిపోతుంది. మీ ఎంవీపీ నుంచి చూస్తే అక్టోబర్ చివర్లో సూర్యుడు ఎయిర్‌పోర్టు వైపు దిగుతాడు, ఆగస్టు మొదట్లో అయితే సింహాచలం కొండల వైపుకి జరుగుతాడు. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు పది డిగ్రీలు, కొండ ఎంత తినేస్తుందో దాంతో అక్కడికక్కడే తేలిపోతుంది.

మీ అబ్బాయి చెప్పింది నిజమే, అది 2027 ఆగస్టు 2న. సంపూర్ణ గ్రహణం దక్షిణ స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా, మక్కా మీదుగా పోతుంది, ఈజిప్టులో లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకి పైగా సూర్యుడు పూర్తిగా కప్పబడిపోతాడు. మన దేశంలో మాత్రం పాక్షికమే, పడమటి తీరంలో ఎక్కువ, తూర్పుకి వచ్చేకొద్దీ తక్కువ. పైగా ఆగస్టు, మబ్బులు పట్టే నెల, ఆ సంగతి పిల్లలకి ముందే చెప్పి పెట్టండి పాపం. ఊరివారీ టైములు కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ లెక్కలు కట్టి ఇస్తుంది, వాట్సాప్‌లో తిరిగేవి కాకుండా అవి చూసుకోండి.

ప్రశ్న: సార్, అస్తమించే సూర్యుణ్ణి రోజూ మామూలుగానే చూస్తాం కదా, ఎర్రగా చల్లగా ఉంటాడు. మరి సాయంత్రం గ్రహణానికి కళ్ళజోడు ఎందుకు? మా అమ్మమ్మ పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి అందులో చూడమంటుంది, అదైనా పర్లేదా?
– డిగ్రీ విద్యార్థి, గాజువాక

జవాబు: రోజూ ఒక్క క్షణం చూసి తల తిప్పేసుకుంటాం బాబూ, గ్రహణం రోజు అలా కాదు, ఎంత కొరికిందో చూద్దామని రెప్ప వెయ్యకుండా చూస్తాం, చిక్కంతా అక్కడే. సూర్యుడు కిందికి దిగాక వెలుగు చాలా గాలిని దాటి రావాలి, నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది, కంటికి చల్లగా అనిపిస్తుంది, కానీ కనపడని పరారుణ కిరణాలు వస్తూనే ఉంటాయి. రెటీనాకి నొప్పి తెలీదు, దెబ్బ తగిలిన సంగతి కొన్ని గంటల తర్వాత చూపు మసకేశాక గానీ బయటపడదు. ఐఎస్ఓ 12312-2 అని రాసున్న కళ్ళజోడు వాడు, లేదంటే 14వ నంబర్ వెల్డింగ్ గ్లాసు. ఎక్స్‌రే ఫిల్ములు వద్దు. కళ్ళజోడు పెట్టుకుని బైనాక్యులర్స్‌లోంచి చూడటం అసలే వద్దు.

అమ్మమ్మగారి పళ్ళెం సంగతి జాగ్రత్తగా విను. నడినెత్తిన ఉన్న సూర్యుడి వెలుగులో నీళ్ళు తిప్పికొట్టేది రెండు శాతమే, అదీ సేఫ్ కాదు. సాయంత్రం సూర్యుడు ఐదు డిగ్రీల ఎత్తులో ఉంటే అవే నీళ్ళు సగానికి పైగా వెలుగుని తిప్పికొడతాయి, పసుపు కలిపినా పైపొర నుంచి వచ్చే ఆ మెరుపు తగ్గదు.

ఆవిడని నొప్పించకుండా ఇంకో పని చెయ్యి. వంటింట్లోంచి బూందీ గరిటె తెచ్చి సూర్యుడికి అడ్డంగా పట్టు. మధ్యాహ్నమైతే బొమ్మలు నేల మీద పడతాయి, సాయంత్రం వెలుగు అడ్డంగా వస్తుంది కాబట్టి ఎదురుగా తెల్ల గోడ కావాలి. గరిటె గోడకి రెండు మీటర్ల దూరంలో ఉంటే ఒక్కో చిల్లుకి రెండు సెంటీమీటర్ల లోపు సూర్యుడు గోడ మీద పడతాడు, అన్నీ ఒకే పక్క కొరికేసి ఉంటాయి, గరిటె దగ్గరికి తెస్తే మళ్ళీ మామూలు గుండ్రటి చుక్కలైపోతాయి. ఇంకా పెద్దగా కావాలంటే చిన్న అద్దం మీద 5 మిల్లీమీటర్ల చిల్లున్న నల్ల కాగితం అంటించి, ఆ వెలుగుని పది మీటర్ల దూరంలో చీకటిగా ఉన్న గోడ మీదకి తిప్పు, 9 సెంటీమీటర్ల సూర్యుడు వస్తాడు. అమ్మమ్మగారు కుర్చీలో కూర్చునే చూడొచ్చు, సూర్యుడి వైపు కళ్ళెత్తక్కర్లేదు. ఆ అద్దం మెరుపు మాత్రం ఎవరి కళ్ళలోనూ పడకూడదు.

ప్రశ్న: గ్రహణం పట్టినంతసేపు పళ్ళెంలో రోకలి నిలబడుతుంది కదండీ, గ్రహణంలో ఏ శక్తీ లేకపోతే ఎలా నిలబడుతుంది?
– ఒక గృహిణి, గోపాలపట్నం

జవాబు: రోకలి అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుందమ్మా. ఓపిగ్గా సరిచేస్తే దాని బరువు అడుగుభాగం మీదే పడుతుంది, అంతే. వచ్చే మంగళవారమో బుధవారమో అదే రోకలిని అదే పళ్ళెంలో నిలబెట్టి చూడండి, పిల్లలతో చేయించండి ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: అన్నా, గ్రహణం రోజు సముద్రం పొంగుతుందని మా పేటలో పెద్దోళ్ళు బోట్లు పైకి లాగమంటారు. నిజమేనా?
– జాలరిపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: పెద్దవాళ్ళ మాటలో పునాది ఉంది తమ్ముడూ. సూర్యగ్రహణం అమావాస్య నాడే వస్తుంది, అమావాస్యకీ పౌర్ణమికీ చంద్రుడు, సూర్యుడు ఒకే వరసలో లాగుతారు కాబట్టి పోటు ఎక్కువుంటుంది, అసలు పెద్ద పోటు చాలాసార్లు ఒకటి రెండు రోజుల తర్వాత వస్తుంది. గ్రహణం వల్ల ప్రత్యేకంగా పెరిగేది లెక్కలోకి రానంత. మిగతా అమావాస్యలకి బోటు ఎక్కడిదాకా లాగుతారో అక్కడిదాకా లాగితే సరిపోతుంది, గాలి, తుఫాను హెచ్చరిక ఉంటే మాత్రం అది వేరే సంగతి, అప్పుడు గ్రహణంతో పని లేదు, వాతావరణ శాఖ చెప్పింది వినండి.