అమెరికన్ కార్టూన్ షో ఫ్యామిలీ గైలో, పీటర్ పక్కింటివాడితో పోటీపడి భూతాల ఇల్లు కట్టి, స్నేహితుడిని ఆటపట్టించే హాలోవీన్ ఎపిసోడ్ దొరకడం లేదా?
మీరు రెండు షోలను కలిపేసుకుని వెతుకుతున్నారు, అందుకే దొరకడం లేదు. పక్కింటివాడితో పోటీపడి భూతాల ఇల్లు కట్టేది పీటర్ కాదు, ఇంకో కార్టూన్ షో అమెరికన్ డాడ్‌లోని స్టాన్. స్నేహితుడిని ఆటపట్టించి ఆనక అతని ప్రతీకారానికి గురయ్యేది పీటర్. ఈ రెండు ఎపిసోడ్లూ ఫాక్స్ టీవీ చానెల్లో ఒకే రాత్రి, 2010 నవంబర్ 7న వచ్చాయి, పైగా రెండు షోల సృష్టి వెనకా సెత్ మెక్‌ఫార్లేనే. కలిసిపోవడంలో వింతేం లేదు.

1. అల్లరి కావాలంటే ఫ్యామిలీ గై, 9వ సీజన్, 4వ ఎపిసోడ్, ‘హాలోవీన్ ఆన్ స్పూనర్ స్ట్రీట్’. పీటర్, అతని స్నేహితుడు జో కలిసి మరో స్నేహితుడు క్వాగ్‌మైర్‌ను ఏడిపిస్తారు, అతను వడ్డీతో సహా తీర్చుకుంటాడు. పీటర్ చిన్నకొడుకు స్టూయీ చాక్లెట్లను పెద్దపిల్లలు లాక్కునేది కూడా ఇందులోనే.

2. పోటీ కావాలంటే అమెరికన్ డాడ్‌లో ‘బెస్ట్ లిటిల్ హారర్ హౌస్ ఇన్ లాంగ్లీ ఫాల్స్’. పక్కింటి బకిల్ కట్టిన భూతాల ఇల్లు తనదాన్ని మించిపోయిందని స్టాన్ ఏకంగా నిజం హంతకులనే తెచ్చిపెడతాడు (నాకైతే ఇదే బాగా నవ్వు తెప్పించింది).

అందరూ తప్పేది ఇక్కడే: అమెరికన్ డాడ్ సీజన్ల లెక్క అన్నిచోట్లా ఒకేలా ఉండదు, ఒకచోట 6 అన్నది ఇంకోచోట 7 అయి కూర్చుంటుంది, కాబట్టి ఎవరో చెప్పిన సీజన్ నంబర్ పట్టుకుని వెళ్తే వేరే ఎపిసోడ్ తగులుతుంది. నంబర్ వదిలేసి పేరు కొట్టి వెతకండి, తెరిచాక ప్రసార తేదీ 2010 నవంబర్ 7 అని ఉందో లేదో చూసుకోండి.