గోడబొమ్మలు బాగుచేయాలంటే ముందు కెమిస్ట్రీ రావాలి

నరసాపురం నుంచి ఒక తల్లి అడిగారు: ‘మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. పాత చర్చిల్లో గోడల మీది బొమ్మలు బాగుచేసే పని నేర్చుకుంటానంటోంది. బొమ్మలు గీయడం అంతంతమాత్రమే. ఎమ్మెస్సీ మానేసి ఇటు వెళ్తే బతుకుతెరువు ఉంటుందా అని టెన్షన్‌గా ఉంది.’

అమ్మా, గీయడం రాదన్న దిగులు వదిలేయండి. స్పెయిన్‌లోని బోర్హా ఊళ్లో 2012లో ఒక పెద్దావిడ చర్చి గోడ మీది క్రీస్తు బొమ్మను మంచి మనసుతోనే దిద్దబోయారు. ముఖమే మారిపోయింది. ఇక్కడ కావలసింది గీసే ఉత్సాహం కాదు, ఎక్కడ ఆగాలో తెలిసిన చెయ్యి.

మీ పాత గోడల అడుగున వానలు వెలిశాక తెల్లగా ఉప్పు పూయడం చూసే ఉంటారు. నేలలోంచి పైకి పాకిన చెమ్మ ఆరిపోతూ ఉప్పును అక్కడే వదిలేస్తుంది. అది గడ్డకట్టి లోపలి నుంచి తోస్తే రంగు పెచ్చులుగా లేస్తుంది. సిమెంట్ పూశారా, చెమ్మకు బయటికి దారి లేక ఇంకా పైకెక్కి బొమ్మను చేరుతుంది. అందుకే ముందు చెమ్మ సంగతి తేల్చాకే బొమ్మ జోలికెళ్తారు. లేచిన పెచ్చు ఊడిపోకుండా పల్చటి జపాన్ కాగితం అంటించి, వెనక బోలులోకి సిరంజితో పల్చటి సున్నపు ముద్ద ఎక్కిస్తారు. అరచెయ్యంత జాగాకు ఒక్కోసారి రోజంతా పడుతుంది.

1986 గోదావరి వరద చూసినవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది: 1966లో ఆర్నో నది ఫ్లోరెన్స్‌ను ముంచేసింది. ఆ వరద తర్వాత అక్కడి చర్చిల గోడబొమ్మల్లో జిప్సంగా మారిపోతున్న సున్నాన్ని అమ్మోనియం కార్బొనేట్, బేరియం హైడ్రాక్సైడ్‌లతో నిలబెట్టే పద్ధతి తెచ్చింది ఎంజో ఫెరోని. ఆయన కెమిస్ట్రీ ప్రొఫెసర్. మీ అమ్మాయి చదువుతున్నదీ అదే కదా!

నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్సర్వేషన్‌లో, అంటే పాత కళాఖండాలను కాపాడే పనిలో, రెండేళ్ల ఎంఏ ఉంది. అర్హతలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. లక్నోలోని ఎన్ఆర్ఎల్‌సీ (సాంస్కృతిక సంపద పరిరక్షణకు పనిచేసే జాతీయ పరిశోధనశాల) శిక్షణ ఇస్తుంది. కేంద్ర పురావస్తు శాఖ సైన్స్ విభాగం డెహ్రాడూన్‌లో ఉంది. వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ లాంటి సంస్థల్లోనూ పని దొరుకుతుంది. ఉన్నమాట చెప్పాలి: పర్మనెంట్ పోస్టులు తక్కువ, మొదటి కొన్నేళ్లు ప్రాజెక్టుల మీదే గడుస్తాయి, ఊళ్లు తిరగాలి. అందుకే ఎమ్మెస్సీకీ అప్లై చేయించండి, తలుపు మూయకండి.

ఈలోగా ఫాదర్‌గారిని అడిగి, మీ దగ్గర్లోని పాత చర్చి గోడ ఒకదాన్ని నెలనెలా ఒకేచోట నిలబడి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయమనండి. చెమ్మ ఎంత ఎత్తుకెక్కిందో తేదీతో రాసుకోవాలి. గోడను మాత్రం ముట్టుకోకూడదు. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్ వెంట తీసుకెళ్లమనండి.