పిల్లలు తగ్గిన బడిని పక్క బడిలో కలిపేస్తే నష్టమేంటి?

మీ వీధి ప్రైమరీ స్కూల్లో ముప్ఫై మంది కూడా లేరు, దాన్ని కిలోమీటరున్నర దూరంలోని పెద్ద బడిలో కలిపేసి, మిగిలే డబ్బుతో స్మార్ట్ క్లాసులు పెడితే మంచిదే కదా అని అడిగారు. మంచిది కాదు. ఆ ముప్ఫై అనే అంకె ఎలా తయారవుతుందో నేను దగ్గరుండి చూశాను.

మా అమ్మ ఉత్తర మద్రాసులో ఒక ఎయిడెడ్ తెలుగు మీడియం బడిలో టీచరు. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, హెచ్ఎంతో కలిపి ముగ్గురు టీచర్లు. తమిళనాడులో ఏటా ఆగస్టు 1 నాటి స్ట్రెంత్, అంటే పిల్లల సంఖ్య, చూసి పోస్టులు ఖాయం చేస్తారు. విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది దాకా ఇద్దరు టీచర్లే. మూడో టీచరు కావాలంటే అరవై ఒకటో పిల్ల ఉండాలి. 2011లో మా రిజిస్టర్లో 63 పేర్లున్నాయి.

ఆ ఏడాది ఆగస్టు 1 సోమవారం. ముందు రోజు సాయంత్రం అమ్మతో పాటు నేనూ సందులన్నీ తిరిగాను. "రేపొక్క రోజు మాన్పించకండమ్మా" అని ఇంటింటికీ చెప్పింది. ఒకచోట మాత్రం పక్కపక్కనే రెండిళ్లకు తాళాలు. గూడూరు దగ్గర వాళ్ల ఊళ్లో పెదనాన్న పోయాడని అన్నదమ్ములిద్దరూ సంసారాలతో శనివారం రాత్రే రైలెక్కారట. ఆ రెండిళ్ల పిల్లలు నలుగురూ మా బడే.

సోమవారం ఏడున్నరకే అమ్మ గేటు దగ్గర నిలబడింది. జ్వరంతో ఉన్న రెండో తరగతి పిల్లను వాళ్ల నాన్న భుజాన వేసుకొచ్చి చివరి బెంచీ మీద పడుకోబెట్టాడు. పేరు పిలిస్తే ఆ పిల్ల పడుకునే చెయ్యెత్తింది. తనిఖీకి వచ్చినాయన తలలు లెక్కపెట్టి 59 అని రాసుకున్నాడు. మిగతావాళ్లు గురువారానికల్లా వచ్చేస్తారని అమ్మ ఎంత చెప్పినా, ఇవాళ కళ్లకు కనిపించినవాళ్లే లెక్క అన్నాడు. అన్నట్టే గురువారం నలుగురూ వచ్చారు. పోస్టు మాత్రం పోయింది. చిన్న టీచరు సర్‌ప్లస్, అంటే లెక్కకు మించిన టీచరు, అయి వేరే బడికి వెళ్లిపోయింది.

ఇక ఐదు తరగతులకు ఇద్దరు. హెచ్ఎం మీటింగుకో, సత్తుణవు (మధ్యాహ్న భోజనం) లెక్కలకో వెళితే అమ్మ ఒక్కతే. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ ఐదో తరగతికి భాగహారం చెప్పాలి. తల్లిదండ్రులకు కళ్లుంటాయి కదా! మరుసటి జూన్‌కి నలభై మంది, ఆ పై ఏడాది ముప్ఫై ఒకరు. అప్పుడు కలిపేశారు, పిల్లలు లేరని.

పిల్లలు ఎందుకు లేరు? అదే సందులో పొద్దున్న ఎనిమిదింటికి ప్రైవేటు స్కూలు వ్యాన్లు నాలుగు ఆగేవి. వాళ్లు మూడున్నరేళ్లకే ఎల్‌కేజీలో చేర్చుకుంటారు. మా బడి మొదలయ్యేదే ఒకటో తరగతితో. మూడున్నరేళ్లకు వ్యానెక్కిన బిడ్డను ఐదేళ్లకు దింపి మా దగ్గరికి ఎవరు తెస్తారు? పైగా ప్రైవేటు బడుల్లో విద్యాహక్కు చట్టం కింద ఇచ్చే 25 శాతం సీట్లకు డబ్బు కట్టేది ప్రభుత్వమే. 2019లో రాష్ట్రంలో 2,381 అంగన్‌వాడీల్లో ఎల్‌కేజీ, యూకేజీ పెట్టారు. మా బడి పోయాక పెట్టారు. ఎల్‌కేజీ పెట్టి, మరుగుదొడ్లకు నీళ్లూ తలుపులూ ఉండేలా చూస్తే ఇలాంటి బడుల్లో స్ట్రెంత్ పెరుగుతుందని నా నమ్మకం.

కలిపిన బడి రైలు గేటుకు అవతల. గూడ్సు బండి వస్తే పిల్లలు గేటు దగ్గర నిలబడిపోవడం, వాళ్లు వెళ్లేసరికి మొదటి పీరియడ్ అయిపోవడం. ఆ బడిలో ప్రొజెక్టర్ ఉంది, నిజమే. కానీ అది తమిళ మీడియం. బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 చట్టం వచ్చినప్పటి నుంచి మా పిల్లలూ ఒకటో తరగతి నుంచి తమిళం చదువుతున్నారు, అయితే లెక్కలు నేర్చుకున్నది తెలుగులో. కూడిక, తీసివేత అని చదివిన మూడో తరగతి పిల్లాడు బోర్డు మీద కూట్టల్, కళిత్తల్ అని చూసి పలక కింద పెట్టేశాడని అమ్మ చెప్పి ఏడ్చింది. ముప్ఫై ఒకరిలో ఏడాది చివరికి అక్కడ మిగిలింది పదిహేడు మంది. పెద్ద పిల్లలు కొందరు పనుల్లో చేరిపోయారు.

ఇదే మద్రాసులో 1920లో, కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్న మన తెలుగాయన పిట్టి త్యాగరాయ చెట్టి థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని బడిలో మధ్యాహ్నం అన్నం పెట్టించాడు. పేద పిల్లలు బడికి రావడం లేదని చేసిన పని అది. రాకపోతే అన్నం వండించాడు గానీ తాళం వేయించలేదు.

మీ వీధి బడి సంగతి ఇంకా తేలలేదన్నారు కాబట్టి వెంటనే ఒక పని చేయండి. ఒక నోటుబుక్ తీసుకుని మీ చుట్టుపక్కల ఐదేళ్లలోపు పిల్లలు ఎంతమంది ఉన్నారో ఇంటింటికీ తిరిగి పేర్లు రాయండి. ఒకటి నుంచి ఐదు తరగతులకు బడి కిలోమీటరులోపు ఉండాలన్నది నిబంధన, మీరు చెప్పిన పెద్ద బడి కిలోమీటరున్నర దూరంలో ఉంది. ఈ రెండూ కాగితం మీద పెట్టి, పది మంది తల్లుల సంతకాలతో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ మీటింగులో ఇవ్వండి. ఆగస్టు 1 దాకా ఆగకండి.